యూకేలో మొదటి ఇల్లే అద్దెకివ్వడానికి కొంటున్నారా? డిపాజిట్ డబ్బు ఎలా సమకూర్చుకోవాలి

లండన్‌లోనో రెడింగ్‌లోనో అద్దెకుంటూ ఉద్యోగం చేసుకునే తెలుగు కుటుంబాల్లో తరచూ వినబడే మాట ఒకటుంది: "ఇక్కడ కొనడం మన వల్ల కాదు. లీడ్స్ వైపో, మాంచెస్టర్ వైపో చిన్న ఇల్లు తీసుకుని అద్దెకిద్దాం. ఆ అద్దెతోనే లోన్ నడిచిపోతుంది." ఇలా కొనడాన్ని బ్రిటన్‌లో బై-టు-లెట్ అంటారు. అప్పటిదాకా సొంత ఇల్లే లేనివాళ్లు కూడా బై-టు-లెట్‌తో మొదలుపెట్టవచ్చు, చట్టం అడ్డు చెప్పదు. కానీ డిపాజిట్ దగ్గర, అంటే లోన్ పోగా మీరు చేతి నుంచి కట్టాల్సిన వాటా దగ్గర, మాత్రం దీని దారి వేరు. ఎంత కట్టాలో ఇంటి ధర ఒక్కటే తేల్చదు. కొత్తగా ఇల్లు కొనేవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే రాయితీలు దీనికి రావు. పైగా ఊరి నుంచి తెప్పించుకునే ప్రతి రూపాయికీ పుట్టుపూర్వోత్తరాలు చూపించాలి. ఈ మూడింటినీ వరుసగా చూద్దాం. స్టాంప్ డ్యూటీ లెక్కలు ఇంగ్లండ్‌కు చెందినవి. స్కాట్లండ్‌లో, వేల్స్‌లో ఆ పన్ను పేరూ రేట్లూ వేరు.

1. ముందు మీ ‘ఫస్ట్ టైమ్ బయర్’ హోదా ఖరీదెంతో లెక్కేయండి

డబ్బు వేటలో పడకముందే ఈ లెక్క చేయండి. నా దృష్టిలో మొత్తం వ్యవహారంలో దీన్ని మించింది లేదు.

మొదటిసారి ఇల్లు కొని అందులోనే కాపురం ఉండేవాళ్లకు స్టాంప్ డ్యూటీలో రాయితీ ఉంది. 2025 ఏప్రిల్ 1 నుంచి నడుస్తున్న నిబంధన ప్రకారం 3 లక్షల పౌండ్ల వరకు వాళ్లు ఏమీ కట్టనక్కర్లేదు. 3 నుంచి 5 లక్షల మధ్య భాగం మీద 5 శాతం కట్టాలి. ధర 5 లక్షలు దాటితే రాయితీ మొత్తం పోతుంది. అద్దెకివ్వడానికి కొన్న ఇంటికి ఈ రాయితీ రాదు. మామూలు రేట్లే పడతాయి: మొదటి 1,25,000 పౌండ్ల మీద సున్నా, అక్కడి నుంచి 2,50,000 వరకు 2 శాతం, ఆపైన 9,25,000 వరకు 5 శాతం. అంటే 2 లక్షల పౌండ్ల ఇంటికి 1,500 పౌండ్లు.

ఇదేమంత భారం కాదనిపిస్తుంది. అసలు దెబ్బ తర్వాత తగులుతుంది. నాలుగేళ్లకు మీరు ఉండటానికి 3 లక్షల పౌండ్ల ఇల్లు కొన్నారనుకోండి. అంతవరకు ఏ ఇల్లూ లేనివారైతే స్టాంప్ డ్యూటీ సున్నా. చేతిలో బై-టు-లెట్ ఉంటే మామూలు పన్ను 5,000, దానికి తోడు రెండో ఇంటి సర్‌చార్జి 15,000, మొత్తం 20,000 పౌండ్లు. ఈ సర్‌చార్జి 2024 అక్టోబరు 31న 3 శాతం నుంచి 5 శాతానికి పెరిగింది, మొత్తం ధర మీద పడుతుంది. అద్దె ఇంటిని ముందే అమ్మేస్తే సర్‌చార్జి తప్పుతుంది గానీ ఆ 5,000 తప్పదు. ఒకసారి పోయిన ఫస్ట్ టైమ్ బయర్ హోదా ఇల్లు అమ్మినంత మాత్రాన తిరిగి రాదు.

ఇక మనవాళ్లు ఎక్కువగా పట్టించుకోని సంగతి. ఈ లెక్కలో ప్రపంచంలో ఎక్కడున్న ఇల్లయినా ఇల్లే. మియాపూర్‌లో మీ పేర ఫ్లాటుంటే, విజయవాడలో తాతగారి ఇంట్లో మీకు వాటా వచ్చి ఉంటే, స్టాంప్ డ్యూటీ రాయితీ విషయంలో మీరు ఫస్ట్ టైమ్ బయర్ కానే కారు. అంతేకాదు, ఆ ఇంట్లో మీ వాటా విలువ 40 వేల పౌండ్లు, అంటే పౌండు 115 రూపాయల లెక్కన 46 లక్షలు, లేదా అంతకంటే ఎక్కువైతే ఇక్కడ కొనే మొదటి ఇంటికే 5 శాతం సర్‌చార్జి పడుతుంది. 2 లక్షల పౌండ్ల ఇంటికి 1,500 కాస్తా 11,500 అవుతుంది. ఫ్లాటు మీ పేర లేకపోయినా, కలిసి కాపురం ఉంటున్న భార్య పేరనో భర్త పేరనో ఉంటే సర్‌చార్జి విషయంలో ఇద్దరినీ ఒకటిగానే చూస్తారు. వారసత్వంగా సగమో అంతకంటే తక్కువో వాటా వచ్చి మూడేళ్లు నిండకపోతే సర్‌చార్జి లెక్క నుంచి మినహాయింపు ఉంది. పొలం, ఖాళీ ప్లాటు ఇళ్లు కావు కాబట్టి అవి లెక్కలోకి రావు. ప్లాటులో ఇల్లు కట్టడం మొదలైతే మాత్రం వస్తుంది.

కాబట్టి మీరు ఏ కోవలో ఉన్నారో తేల్చుకోండి. ఇండియాలో ఇప్పటికే ఇల్లున్నవాళ్లకు బై-టు-లెట్ వల్ల ఆ రాయితీ కొత్తగా పోయేదేమీ లేదు, సర్‌చార్జిని మొదటి రోజు నుంచే బడ్జెట్‌లో వేసుకోవాలంతే. ఎక్కడా ఏ ఇల్లూ లేనివాళ్లు మాత్రం, నాలుగైదేళ్లలో సొంతంగా ఉండటానికి కొనే ఉద్దేశం ఉంటే, అద్దె ఇల్లు ముందు కొనడం మానుకోవడమే మేలని నేను గట్టిగా చెబుతాను. ఉండే ఇంటికి 5 లేదా 10 శాతం డిపాజిట్‌తోనే లోన్ దొరుకుతుంది. అందులో ఒక గది అద్దెకిస్తే ‘రెంట్ ఎ రూమ్’ పథకం కింద ఏడాదికి 7,500 పౌండ్ల దాకా పన్ను లేదు. కొన్నేళ్లు ఉన్నాక ఉద్యోగం వేరే ఊరికి మారితే, లోన్ ఇచ్చిన బ్యాంకు అనుమతి తీసుకుని ఆ ఇంటినే అద్దెకివ్వవచ్చు. అలాగని, అద్దెకివ్వాలనే ఉద్దేశం మనసులో పెట్టుకుని "మేమే ఉంటాం" అని రాసి ఇచ్చి లోన్ తీసుకోవద్దు. అది మోసం కిందికే వస్తుంది.

2. డిపాజిట్ ఎంతో అద్దె నుంచి వెనక్కి లెక్కించండి

బై-టు-లెట్‌కు 25 శాతం డిపాజిట్ అని అందరూ చెబుతారు. కొన్ని బ్యాంకులు 20 శాతానికీ ఇస్తాయి. కానీ ఆ శాతం చూసి డబ్బు పోగు చేసుకుని వెళ్తే చాలాసార్లు చాలదు. బ్యాంకు ముందు చూసేది, ఆ ఇంటికొచ్చే అద్దె లోన్ వడ్డీని ఎంత ధీమాగా మోయగలదని. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌లో భాగమైన ప్రుడెన్షియల్ రెగ్యులేషన్ అథారిటీ 2016లో దీనికి నియమాలు ఇచ్చింది. ఆ ప్రకారం అయిదేళ్లకు తక్కువ ఫిక్స్ (వడ్డీ రేటు మారని గడువు) ఉన్న లోన్‌కు, అసలు వడ్డీ రేటు ఎంతున్నా, కనీసం 5.5 శాతం అనుకుని లెక్క వేస్తారు. వచ్చే అద్దె ఆ వడ్డీకి 125 శాతం ఉండాలని బ్యాంకులు మామూలుగా అడుగుతాయి. మీరు 40 శాతం పన్ను కట్టే జీతగాళ్లయితే సాధారణంగా 145 శాతం అడుగుతారు.

2 లక్షల పౌండ్ల ఇల్లు, 50 వేలు డిపాజిట్, లోన్ లక్షన్నర అనుకోండి. 5.5 శాతం చొప్పున ఏడాది వడ్డీ 8,250. దానికి 145 శాతం అంటే 11,962. నెలకు దాదాపు 997 పౌండ్ల అద్దె రావాలన్నమాట. 20 శాతం పన్ను శ్లాబులో ఉంటే 860 పౌండ్లు చాలు.

ఇప్పుడు ఆ ఇంటికి వచ్చే అద్దె 850 పౌండ్లే అనుకోండి. ఏడాదికి 10,200. దాన్ని 1.45తో భాగించి, మళ్లీ 5.5 శాతంతో భాగిస్తే దాదాపు 1,27,900 వస్తుంది. మీకు దొరికే లోన్ అంతే. డిపాజిట్ 72 వేలకు పైమాట, అంటే 36 శాతం! ఇంటి ధర మారలేదు, మీ జీతం మారలేదు, కావలసిన డబ్బు మాత్రం 22 వేలు పెరిగింది. అందుకే ఇల్లు చూసే ముందే ఆ వీధిలో అలాంటి ఇళ్లకు ఎంత అద్దె వస్తోందో రైట్‌మూవ్, జూప్లా లాంటి ఇళ్ల వెబ్‌సైట్లలో చూసి ఈ భాగహారం మీరే చేసుకోండి. ఏజెంటు చెప్పే అద్దెను పక్కన పెట్టండి. బ్యాంకు తరఫున వచ్చే సర్వేయరు వేసిన అద్దె అంచనానే చివరికి లెక్కలోకి వస్తుంది. అయిదేళ్ల ఫిక్స్ తీసుకుంటే కొన్ని బ్యాంకులు తక్కువ రేటుతో లెక్కేస్తాయి కాబట్టి లోన్ కాస్త పెరుగుతుంది. ఇదే ఉదాహరణలో 5 శాతంతో వేస్తే 1,40,000 దాకా వస్తుంది.

మొదటిసారి కొనేవాళ్లకు ఇంకో మెలిక ఉంది. చాలా బ్యాంకులు బై-టు-లెట్ ఇవ్వాలంటే ముందే సొంత ఇల్లు ఉండాలంటాయి. ఉండనవసరం లేదనేవి కొన్ని ఉన్నాయి గానీ, అవి అద్దెతో పాటు మీ జీతాన్ని కూడా ఉండే ఇంటి లోన్‌కు చూసినట్టే చూస్తాయి. లోన్ తీసుకుని మీరే అందులో దిగుతారేమోనని వాళ్ల అనుమానం. ఏడాదికి 25 వేల పౌండ్ల కనీస ఆదాయం అడగడం మామూలు. వర్క్ వీసా మీద ఉన్నవాళ్లకు సొంతింటి లోన్ ఇచ్చే బ్యాంకులు కూడా బై-టు-లెట్ దగ్గరకొచ్చేసరికి ఎక్కువగా ఐఎల్ఆర్ (శాశ్వత నివాస అనుమతి) గానీ బ్రిటిష్ పౌరసత్వం గానీ అడుగుతాయి. మీకింకా ఐఎల్ఆర్ రాకపోతే, డిపాజిట్ కోసం ఊళ్లో ఏదైనా అమ్మకముందే బ్రోకర్‌తో మాట్లాడి లోన్ వస్తుందో రాదో తేల్చుకోండి.

3. పన్ను పోగా ఏం మిగులుతుందో చూసుకోండి

డిపాజిట్‌కు ఇంత కష్టపడబోతున్నారు కాబట్టి ఈ లెక్క కూడా వేయాలి. అద్దె ఆదాయంలోంచి లోన్ వడ్డీని పూర్తిగా తీసేసి పన్ను కట్టే రోజులు పోయాయి. 2020 ఏప్రిల్ నుంచి వడ్డీకి దొరికేది 20 శాతం పన్ను తగ్గింపు మాత్రమే.

అద్దె ఏడాదికి 12,000, వడ్డీ 7,500, రిపేర్లు, ఏజెంటు, ఇన్సూరెన్స్ కలిపి 2,000 అనుకుందాం. చేతిలో మిగిలేది 2,500. 40 శాతం శ్లాబులో ఉన్నవారికి 10,000 మీద పన్ను 4,000, అందులో వడ్డీ తగ్గింపు 1,500 పోతే కట్టాల్సింది 2,500. మిగిలినదంతా పన్నుకే సరి. 20 శాతం శ్లాబు వారికైతే పన్ను 500, మిగిలేది 2,000. భార్యాభర్తల్లో ఒకరి జీతం తక్కువైతే ఎవరి పేర ఎంత వాటా ఉండాలో కొనకముందే అకౌంటెంట్‌తో మాట్లాడాలని చెప్పేది ఇందుకే.

4. డబ్బు ఎక్కడి నుంచి తేవచ్చు, ఎక్కడి నుంచి తేకూడదు

జీతంలోంచి దాచుకున్నదే అన్నిటికంటే తేలిక. అయితే లైఫ్‌టైమ్ ఐసా అనే పొదుపు ఖాతాలో దాచినవాళ్లు జాగ్రత్తపడాలి. అందులో ఏడాదికి 4,000 పౌండ్లు వేస్తే ప్రభుత్వం 1,000 కలుపుతుంది, నిజమే. కానీ ఆ డబ్బు 4,50,000 పౌండ్ల లోపు ధర ఉండి, మీరే కాపురం ఉండబోయే మొదటి ఇంటికే. బై-టు-లెట్ కోసం తీస్తే 25 శాతం కోత పడుతుంది: 5,000లో 1,250 పోయి 3,750 చేతికొస్తుంది. బోనస్ పోగా మీరు వేసినదాంట్లోనే 250 తగ్గిందన్నమాట. పైగా మీ పేర అద్దె ఇల్లు కొన్నాక, రేపు ఉండే ఇంటికి కూడా ఆ ఐసాను కోత లేకుండా వాడుకోలేరు. పాత హెల్ప్ టు బై ఐసా బోనస్ కూడా అద్దె ఇంటికి రాదు. మామూలు క్యాష్ ఐసా, సేవింగ్స్ ఖాతాలతో ఈ ఇబ్బంది లేదు.

అమ్మానాన్నలు ఇచ్చే డబ్బు

మనవాళ్లలో డిపాజిట్‌కు ఎక్కువమంది ఆధారపడేది దీని మీదే. ఇండియాలో నివసించేవాళ్లు రిజర్వ్ బ్యాంక్ ఎల్‌ఆర్‌ఎస్ పథకం కింద ఒక ఆర్థిక సంవత్సరంలో తలా రెండున్నర లక్షల డాలర్ల దాకా విదేశాలకు పంపవచ్చు. పిల్లలకు గిఫ్ట్ ఇవ్వడం కూడా అందులో భాగమే. డిపాజిట్‌కు ఆ పరిమితి అడ్డు రాదు. ఆలోచించాల్సింది టీసీఎస్, అంటే డబ్బు పంపేటప్పుడే బ్యాంకు ముందుగా వసూలు చేసే పన్ను గురించి. 2025 ఏప్రిల్ నుంచి, ఏడాదిలో 10 లక్షల రూపాయలు దాటిన మొత్తం మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్ పట్టుకుంటుంది. నాన్నగారు 25 లక్షలు పంపితే అదనంగా 3 లక్షలు ఆయన ఖాతాలోంచి పోతాయి. రిటర్ను వేస్తే పన్నులో సర్దుబాటు అవుతుంది, లేదా వాపసు వస్తుంది. కానీ నెలల తరబడి ఆగాలి. పింఛను మీద బతికే పెద్దవాళ్లకు అది చిన్న సంగతి కాదు.

దీన్ని తప్పించుకునే చట్టబద్ధమైన దారి ఉంది. పది లక్షల పరిమితి మనిషికి, ఆర్థిక సంవత్సరానికి లెక్క. అమ్మ, నాన్న ఇద్దరికీ ఎవరి పాన్ వాళ్లకుండి, ఎవరి డబ్బు వాళ్ల ఖాతాలో ఉంటే, మార్చిలో తలా పది లక్షలు, ఏప్రిల్‌లో మళ్లీ తలా పది లక్షలు పంపించండి. 40 లక్షలు టీసీఎస్ లేకుండా వస్తాయి. పౌండు 115 లెక్కన దాదాపు 34,800 పౌండ్లు. ఇందుకోసం జనవరిలోనే ప్లాన్ చేసుకోవాలి. మార్చి చివరి వారంలో బ్యాంకు బ్రాంచి చుట్టూ పెద్దవాళ్లను తిప్పడం మంచిది కాదు.

ఇక్కడి బ్యాంకు గిఫ్ట్ లెటర్ అడుగుతుంది. డబ్బు తిరిగి ఇవ్వక్కర్లేదని, వడ్డీ లేదని, ఇంట్లో తమకు ఏ హక్కూ ఉండదని తల్లిదండ్రులు సంతకం చేయాలి. చాలా బ్యాంకులు తల్లిదండ్రులు, తోబుట్టువులు, తాత అమ్మమ్మల గిఫ్ట్ ఒప్పుకుంటాయి. బాబాయో మేనమామో ఇస్తానంటే కొన్ని ఒప్పుకోవు. మామగారిచ్చే డబ్బయితే దాన్ని కూతురికి గిఫ్ట్‌గా రాయించి, ఆమెను కూడా దరఖాస్తులో చేర్చడం సులువు.

ఊళ్లో స్థలమో పొలమో అమ్మితే

ఇక్కడ మనసు విప్పి మాట్లాడుకోవాలి. మన దగ్గర భూమి అమ్మకంలో రిజిస్ట్రేషన్ విలువ ఒకటి, చేతులు మారే అసలు ధర ఇంకొకటి. డిపాజిట్‌కు పనికొచ్చేది సేల్ డీడ్‌లో కనబడి, బ్యాంకు ద్వారా వచ్చిన సొమ్ము మాత్రమే. మిగతా నగదుకు లెక్క చెప్పలేరు, దాన్ని ఇక్కడికి తేలేరు. అమ్మకం ఖాయం చేసుకునేటప్పుడే మొత్తం ధర డీడ్‌లో రాసి, బ్యాంకు ద్వారా ఇచ్చే కొనుగోలుదారుణ్ని చూసుకోండి. ధర కాస్త తగ్గినా సరే. సేల్ డీడ్ తెలుగులో ఉంటే సర్టిఫై చేసిన ఇంగ్లిష్ అనువాదం కూడా కావాలి.

స్థలం మీ పేరునే ఉంటే ఎన్ఆర్ఐగా మీరు అమ్ముతున్నారు కాబట్టి కొనేవాళ్లు టీడీఎస్ పట్టుకుంటారు. డబ్బు ఎన్ఆర్ఓ ఖాతాలో (ఎన్ఆర్ఐలకు ఇండియాలో వచ్చే సొమ్ము జమయ్యే ఖాతా) పడుతుంది. అక్కడి నుంచి ఏడాదికి పది లక్షల డాలర్ల దాకా బయటికి పంపవచ్చు గానీ, పన్ను కట్టినట్టు చార్టర్డ్ అకౌంటెంట్ సర్టిఫికెట్ కావాలి. బ్రిటన్‌లో నివాసులుగా ఉన్నవాళ్లు ఆ లాభాన్ని ఇక్కడ కూడా చూపించాలి, అక్కడ కట్టిన పన్ను ఇక్కడ మినహాయింపుగా వస్తుంది. విదేశీ సంపాదన దాచుకునే ఎన్ఆర్ఈ ఖాతాలో ఉన్న డబ్బు తేవడానికి ఇన్ని తతంగాలు లేవు.

చేబదుళ్లు, చిట్టీలు, పర్సనల్ లోన్లు

స్నేహితుల దగ్గర తలా ఐదువేలు చేబదులు తీసుకుని డిపాజిట్ నింపడం మన వాళ్లలో మామూలే. ఒకరికొకరు నిలబడటం మన బలం, కాదనను. కానీ బ్యాంకు దృష్టిలో అది అప్పు. దరఖాస్తులో చెప్తే చాలా బ్యాంకులు ఒప్పుకోవు. చెప్పకుండా గిఫ్ట్ అని రాస్తే అబద్ధం కిందికి వస్తుంది, సంతకం పెట్టిన స్నేహితుడూ చిక్కుల్లో పడతాడు. పర్సనల్ లోన్, క్రెడిట్ కార్డు డబ్బు కూడా అంతే. రిజిస్టరు లేని చిట్టీ పాడిన డబ్బుకు ఏ కాగితమూ ఉండదు. రిజిస్టరైన చిట్‌ఫండ్ అయితే పాసుపుస్తకం, చెల్లింపుల రసీదులు దాచిపెట్టుకోండి.

అన్నింటికంటే ప్రమాదకరమైనది ఇంకొకటి. "నేనిక్కడ నీకు పౌండ్లిస్తా, మీ నాన్నగారు అక్కడ మా వాళ్ల ఖాతాలో రూపాయలు వేస్తే సరి" అనే సర్దుబాటు. టీసీఎస్ లేదు, బ్యాంకు చార్జీ లేదు, రెండు నిమిషాల్లో పని అయిపోయిందనిపిస్తుంది. అది ఇండియా విదేశీ మారక చట్టం ఫెమాకు విరుద్ధం. పైగా మీ ఖాతాలోకి ఎవరో స్నేహితుడి నుంచి 20 వేల పౌండ్లు వచ్చినట్టు కనిపిస్తుంది, మీ నాన్నగారి పేరే ఎక్కడా ఉండదు. కొనుగోలు పనులు చూసే లాయరు, అంటే సొలిసిటర్, "ఈ డబ్బు ఎవరిది?" అని అడిగినప్పుడు నిజం చెప్పలేరు, అబద్ధం చెప్పకూడదు. కొనుగోలు అక్కడే ఆగిపోతుంది.

కంపెనీ పేరున కొనడం

దీని గురించి వినే ఉంటారు. లిమిటెడ్ కంపెనీ పెట్టి, మీ డిపాజిట్‌ను దానికి డైరెక్టర్ లోన్‌గా ఇచ్చి, ఇల్లు కంపెనీ పేరున కొంటారు. ఇల్లు మీ సొంత పేరున లేదు కాబట్టి మీ ఫస్ట్ టైమ్ బయర్ హోదా నిలుస్తుంది. వడ్డీ మొత్తం ఖర్చుగా తీసేయవచ్చు, చిన్న లాభాలపై కార్పొరేషన్ టాక్స్ 19 శాతం. మీరిచ్చిన అప్పును కంపెనీ తిరిగి చెల్లిస్తే దానిపై పన్ను లేదు. మరోపక్క, కంపెనీకి మొదటి ఇంటి నుంచే 5 శాతం సర్‌చార్జి ఉంది. మొదటిసారి కొనేవాళ్ల కంపెనీకి లోన్ ఇచ్చే బ్యాంకులు తక్కువ, రేటు కాస్త ఎక్కువ, మీరు వ్యక్తిగత హామీ ఇవ్వాలి. ఏటా అకౌంటెంట్ ఖర్చు ఉంటుంది. ఒక్క ఇంటికి ఇంత అవసరమా అంటే, 40 శాతం శ్లాబులో ఉండి, రేపు సొంతింటికి రాయితీ కావాలనుకునేవాళ్లకు మాత్రం కూర్చుని లెక్క వేసుకోదగ్గ దారే.

5. డిపాజిట్ పక్కన ఇంకో మూట

స్టాంప్ డ్యూటీ చెప్పుకున్నాం. కొనే రోజుకు ముందు 12 నెలల్లో 183 రోజులు యూకేలో ఉండనివాళ్లకు మరో 2 శాతం పడుతుంది. సొలిసిటర్, సర్వే, లోన్ ఫీజు, బ్రోకర్ ఫీజు వేరు. కిరాయిదారు దిగకముందే గ్యాస్ సేఫ్టీ సర్టిఫికెట్, కరెంటు తనిఖీ రిపోర్టు, కనీసం ‘ఇ’ రేటింగున్న ఈపీసీ (ఇంటి ఇంధన వినియోగ సర్టిఫికెట్) ఉండాలి. పాత టెర్రస్ ఇళ్లలో (గోడకు గోడ ఆనుకుని వరుసగా ఉండేవి) కరెంటు వైరింగ్ మార్చాల్సి వస్తే అదొక్కటే పెద్ద ఖర్చు.

వీటన్నిటికీ తోడు కనీసం మూడు నాలుగు నెలల లోన్ వాయిదాలు విడిగా ఉంచండి. 2026 మే 1 నుంచి ఇంగ్లండ్‌లో కొత్త కిరాయిదారుల చట్టం అమలు. కారణం చూపకుండా ఖాళీ చేయించే సెక్షన్ 21 ఆ తేదీతో రద్దు. ఒక నెలకు మించి అద్దె ముందుగా తీసుకోకూడదు. ఇల్లు అమ్మడానికో, మీరే వచ్చి ఉండటానికో కిరాయిదారును ఖాళీ చేయించడం వాళ్లు దిగిన మొదటి ఏడాది కుదరదు, పైగా నాలుగు నెలల నోటీసు ఇవ్వాలి. "అవసరమైతే ఆరు నెలల్లో అమ్మేద్దాం" అనే ధీమాతో ఊరి డబ్బంతా దీంట్లో పెట్టకండి.

6. కాగితాలు పేర్చి, వరుసగా కదలండి

దరఖాస్తుకు ఆరు నెలల ముందే మొదలుపెట్టండి. భారత పౌరులు కామన్వెల్త్ దేశస్థులు కాబట్టి, చెల్లే వీసా ఉంటే ఇక్కడ ఓటరు జాబితాలో చేరవచ్చు. చేరితే క్రెడిట్ ఫైలుకు బలం వస్తుంది. ఇది చాలామంది వాడుకోరు, పైసా ఖర్చు లేని పని.

ఊరి నుంచి వచ్చే డబ్బు దరఖాస్తుకు ముందే మీ యూకే ఖాతాలోకి చేరేలా చూడండి. సొలిసిటర్లకు మనీలాండరింగ్ నిబంధనలున్నాయి, సాధారణంగా మూడు నుంచి ఆరు నెలల స్టేట్‌మెంట్లు అడుగుతారు. ఒక ఫోల్డరు పెట్టుకుని, అమ్మానాన్నల పాస్‌పోర్టు కాపీలు, వాళ్ల బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఆ డబ్బు వాళ్లకెలా వచ్చిందో చూపే కాగితం (రిటైర్మెంట్ సొమ్మా, ఫిక్స్‌డ్ డిపాజిటా, సేల్ డీడా), బ్యాంకు ఇచ్చిన రెమిటెన్స్ రసీదు, మీ ఖాతాలో జమ అయిన పేజీ, గిఫ్ట్ లెటర్, ఇవన్నీ తేదీల వరుసలో ఉంచండి. అక్కడ ఎంత బయలుదేరిందో, ఇక్కడ ఎంత చేరిందో ఆ కాగితాల్లోనే కనబడాలి. పెద్దవాళ్లతో కూడా ముందే మాట్లాడండి. ఇక్కడి సొలిసిటర్ ఆధారాలు అడిగితే "మా మీద నమ్మకం లేదా" అని నాన్నగారు నొచ్చుకోవచ్చు. అందరినీ అలాగే అడుగుతారని ముందుగా చెబితే ఆ బాధ ఉండదు.

ఆ తర్వాత అన్ని బ్యాంకులనూ చూసే బ్రోకర్‌ను పట్టుకోండి, ఆ సంస్థ పేరు ఇక్కడి ఆర్థిక సంస్థల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీఏ రిజిస్టరులో ఉందో లేదో చూసుకోండి. ఫస్ట్ టైమ్ బయర్, బై-టు-లెట్, వీసా, ఇండియా గిఫ్ట్, ఈ నాలుగూ మొదటి ఫోన్‌లోనే చెప్పండి. దాచిపెట్టి తర్వాత చెబితే దరఖాస్తు తిరస్కరణకు గురికావచ్చు, బ్యాంకు చేసిన తనిఖీ గుర్తు మాత్రం క్రెడిట్ ఫైలు మీద మిగులుతుంది. లోన్‌కు బ్యాంకు ప్రాథమిక అంగీకారం చేతికొచ్చాకే ఇంటికి ఆఫర్ పెట్టండి.

కాంట్రాక్టులు మార్చుకునే రోజు, అంటే ఎక్స్‌చేంజ్ నాడు, మామూలుగా ధరలో 10 శాతం సొలిసిటర్ ఖాతాలో ఉండాలి. మిగతాది కంప్లీషన్, అంటే ఇల్లు మీ చేతికొచ్చే రోజు, నాటికి. ఎక్స్‌చేంజ్ తర్వాత వెనక్కి తగ్గితే ఆ 10 శాతం పోతుంది కాబట్టి, ఇండియా నుంచి రావాల్సింది ఒక్క రూపాయి మిగిలున్నా ఎక్స్‌చేంజ్‌కు ఒప్పుకోకండి. సొలిసిటర్ బ్యాంకు వివరాలు ఈమెయిల్‌లో "మారాయి" అని వస్తే, మీ దగ్గర ముందే ఉన్న నంబరుకు ఫోన్ చేసి అడగకుండా డబ్బు పంపవద్దు.

కిరాయిదారు దిగిన రోజు నుంచి మరో డిపాజిట్ మీ బాధ్యత అవుతుంది. మామూలు ఇళ్లకు వాళ్ల దగ్గర అయిదు వారాల అద్దెకు మించి తీసుకోకూడదు, తీసుకున్నదాన్ని 30 రోజుల్లోగా ప్రభుత్వ ఆమోదం ఉన్న పథకంలో భద్రపరచాలి. అద్దె రావడం మొదలైన పన్ను సంవత్సరం ఏప్రిల్ 5తో ముగుస్తుంది. ఆ వచ్చే అక్టోబరు 5 లోగా ఇక్కడి పన్ను శాఖ హెచ్ఎంఆర్‌సీ దగ్గర సెల్ఫ్ అసెస్‌మెంట్‌కు (మీ పన్ను రిటర్ను మీరే వేయడానికి) నమోదు చేసుకోండి.